చాకొలెట్ రంగు గుడ్డు

గుడ్డు గురించి మనం సాధారణంగా ఆలోచించేవి రెండే విషయాలు. ఒకటి ధర. రెండోది, అది మంచిదా కుళ్ళిందా అన్నది. నీళ్ళగిన్నెలో వేసి, మునిగితే మంచిది, తేలితే చెడ్డది అని తేల్చుకుని పొయ్యి దగ్గరికి పోతాం. ఇక దాని రంగేమిటి, రూపమేమిటి అని తీరిగ్గా చూసే ఓపిక ఎవరికుంటుంది? అవతల పిల్లల స్కూలు బస్సు వచ్చే వేళవుతూంటే!

అయినా ఏమాటకామాటే చెప్పుకోవాలి. రంగు పట్టింపు మనకీ లేకపోలేదు. సంతలో తెల్లగుడ్ల పక్కన కాస్త గోధుమరంగువి కనిపిస్తే చాలు, "ఇవి నాటుగుడ్లేనా?" అని అడుగుతాం. అవునంటే బేరం కూడా ఆడకుండా నాలుగు రూపాయలు ఎక్కువే ఇస్తాం. మనకి రంగుమీద వున్న ఈ భక్తి అమ్మేవాడికి తెలియనిదా? తెల్లగుడ్లని టీ డికాక్షన్లో ముంచి తీసి నాటుగుడ్లని అమ్మిన ఘనులు కూడా వున్నారు. హైదరాబాదు రాజేంద్రనగర్లోని కోళ్ళ పరిశోధనా సంస్థవారు మాత్రం ఈ పని న్యాయంగా చేశారు. పెరట్లో పెంచుకోవడానికని వాళ్ళు తయారుచేసిన 'గ్రామప్రియ' అనే జాతి గోధుమరంగు గుడ్లే పెడుతుంది. జనానికి ఏ రంగు ఇష్టమో కనిపెట్టి, ఆ రంగుని కోడికే నేర్పారన్నమాట.

కోడికి రంగు నేర్పడమేమిటి అంటారా? నేర్పవచ్చు. ఒక్క రోజులో కాదు, ఒక్క కోడికీ కాదు. తరతరాలుగా ఏరి, ఏరి, ఏరి నేర్పాలి. ఈ విద్యలో అందరినీ మించిపోయినవాళ్ళు ఫ్రాన్సు దేశంలో వున్నారు. వాళ్ళ కోళ్ళు పెట్టే గుడ్డు గోధుమరంగు కూడా కాదు. ముదురు చాకొలెట్ రంగు. చింతగింజకి నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది.

ఫ్రాన్సు పడమటి తీరంలో, లా రోషెల్ అనే రేవు పట్టణానికి ఈశాన్యంగా, మరాన్ అనే చిన్న వూరుంది. చుట్టూ చిత్తడినేలలు, మధ్యలో నది, ఆ నదిమీదుగా సముద్రానికి దారి. పాతకాలంలో అక్కడికి ఓడలు వచ్చేవి. ఓడవాళ్ళు కాలక్షేపానికని పందెం కోళ్ళని వెంట తెచ్చుకునేవాళ్ళనీ, రేవులో దిగినప్పుడు అవి వూరి పెట్టలతో కలిసిపోయాయనీ ఆ వూరివాళ్ళు చెప్పుకుంటారు. ఆ తరవాత మరో చుట్టరికం కలిసింది. చైనాలో యాంగ్‌ట్సీ నది సముద్రంలో కలిసే చోట లాంగ్‌షాన్ అనే ప్రాంతం వుంది. అక్కడి నల్లకోళ్ళని 1872లో క్రోడ్ అనే ఇంగ్లీషు మేజరు ఇంగ్లండుకి తెప్పించాడు. వాటి గుడ్లు బాగా ముదురు రంగు. ఆ లాంగ్‌షాన్ రక్తం మరాన్ కోళ్ళలోకి వచ్చింది. అలా ఓడమీద వచ్చిన పుంజులూ, చిత్తడినేలల పెట్టలూ, చైనా అల్లుళ్ళూ కలిసి ఒక కొత్త వంశం తయారయింది. 1929లో ఈ కోళ్ళకోసం ఒక క్లబ్బు పెట్టారు. 1931లో మరాన్ కోడి అంటే ఇలా వుండాలి అని లక్షణాలు రాసిపెట్టారు.

ఆ లక్షణాల్లో అసలైనది గుడ్డు రంగు. దానికి ఒకటి నుంచి తొమ్మిది దాకా మెట్లున్న కొలబద్ద వుంది. చీరల కొట్లో రంగులు చూపించే కార్డు వుంటుందే, అలాంటిదే. ఒకటంటే తెలుపు, తొమ్మిదంటే దాదాపు కాఫీగింజ రంగు. నాలుగుకి తక్కువ వచ్చిందా, ఆ కోడి ఎంత అందంగా వున్నా మరాన్ కోడి కాదు పొమ్మంటారు.

ఈ గుడ్డు కీర్తి ఎంతదాకా వెళ్ళిందంటే, ఇయాన్ ఫ్లెమింగ్ 1957లో ప్రచురించిన 'ఫ్రమ్ రష్యా, విత్ లవ్' నవలలో గూఢచారి జేమ్స్ బాండు ఉదయం ఫలహారానికి మరాన్ కోడిగుడ్డే కావాలంటాడు. అది కూడా మూడు నిమిషాల ఇరవై సెకన్లు ఉడకాలిట! తుపాకులకీ, విషాలకీ బెదరనివాడు తెల్లగుడ్డు చూస్తే మొహం చిట్లిస్తాడు. ఇంట్లో వంటచేసేవాళ్ళకి ఇలాంటి మగవాళ్ళు కొత్తేమీ కాదు గనక మనం పెద్దగా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇంతకీ రంగు ఎక్కడినుంచి వస్తుంది? కోడి కడుపులో గుడ్డు తయారవడానికి సుమారు ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. అందులో ఇరవై గంటలు పెంకు కట్టుకోవడానికే సరిపోతాయి. పెంకు మొదట తెల్లగానే వుంటుంది. గోధుమరంగు చాలావరకు చివరి గంటల్లో పైపూతలా వచ్చి అంటుకుంటుంది. గోడకి సున్నం వేసి, ఆఖర్న రంగు పూసినట్టు. అందుకే అప్పుడే పెట్టిన తడిగుడ్డుమీద వేలితో రాస్తే రంగు చెదురుతుంది. గోధుమరంగు పెంకుని పగలగొట్టి లోపలివైపు చూడండి, దాదాపు తెల్లగానే వుంటుంది. ఆ రంగుపదార్థం పేరు ప్రోటోపోర్ఫిరిన్. దానికి ఇనుము తోడైతే మన నెత్తురుకి ఎరుపునిచ్చే పదార్థం అవుతుంది. అంటే చాకొలెట్ గుడ్డు రంగూ, మన బుగ్గల్లోని ఎరుపూ దగ్గరి చుట్టాలే.

పచ్చసొన సంగతి వేరు. అది కోడి తినే తిండినిబట్టి మారుతుంది. ఆకులూ, మొక్కజొన్నా, బంతిపూల రేకుల సారం తినిపిస్తే సొన ముదురు పసుపుకి తిరుగుతుంది. కాని పెంకు రంగు అలా తినిపిస్తే వచ్చేది కాదు. అది పుట్టుకతో రావాలి. అక్కడే వుంది తంటా అంతా.

నీలిరంగు గుడ్డు పెట్టే కోళ్ళున్నాయి. ఆ నీలానికి ఒక్క జన్యువు చాలు, తల్లిదండ్రుల్లో ఎవరిదగ్గర వున్నా పిల్లకి వస్తుంది. గోధుమరంగు అలా కాదు. చాలా జన్యువులు తలో చెయ్యి వేస్తేగాని ముదరదు. ఉమ్మడి కుటుంబంలో పెళ్ళి వంటలాంటిది, ఒక్కళ్ళు అలిగినా పులుసు పలచనవుతుంది. పైగా పుంజు గుడ్డు పెట్టదు కదా? సగం గుణం దానిదే అయినా, ఎంత రంగు మోసుకొస్తోందో పైకి కనబడదు. దాని తల్లి ఎలాంటి గుడ్డులోంచి వచ్చింది, అక్కచెల్లెళ్ళు ఎలాంటి గుడ్లు పెడుతున్నాయి, రేపు దాని కూతుళ్ళు ఎలాంటివి పెడతాయి, ఇవన్నీ చూసి తేల్చాలి. పుంజుకి సంబంధం చూడాలంటే ఆడవాళ్ళ వంశచరిత్ర తిరగెయ్యాలన్నమాట. మన పెళ్ళిళ్ళపేరయ్యలు కూడా ఇంత శ్రద్ధగా విచారించరు.

కనక ఆ పెంపకందారు ఏం చేస్తాడంటే, ఏ పెట్ట ఏ గుడ్డు పెట్టిందో గుర్తుపెట్టుకుని, కార్డు పక్కన పెట్టి చూసి, బాగా ముదురు గుడ్లే పొదగేస్తాడు. మిగిలినవి వంటింట్లోకి పోతాయి. పుట్టిన పెట్టల్లో మళ్ళీ ముదురువాటినే ఏరతాడు. కొన్నేళ్ళపాటు ఇలా చేస్తూ పోతే రంగు మెట్టుమెట్టుగా ఎక్కుతుంది. ఒక్క తరం అశ్రద్ధ చేశాడా, మళ్ళీ జారుతుంది. చార్లెస్ డార్విన్ 1859లోనూ, మళ్ళీ 1868లోనూ వివరంగా రాసింది ఈ ఏరివేత శక్తి గురించే. ఆయన స్వయంగా పావురాలు పెంచి, పెంపకందార్లతో కూర్చుని కబుర్లు చెప్పి మరీ తెలుసుకున్నాడు.

ఇంత శ్రమా ఎందుకూ అంటారా? అదే నేనూ అడుగుతున్నాను. ఆ రంగువల్ల గుడ్డుకి బలం పెరగదు. రుచి మారదు. పెంకు వలిచేశాక ఏ గుడ్డయినా ఒకటే. మరి కేవలం పెంకు రంగుకోసం, అదీ మనం వలిచి చెత్తబుట్టలో వేసే పెంకు కోసం, ఒక ప్రాణి పుట్టుకనే మన ఇష్టప్రకారం మలచవచ్చునా? ఇది తగునా?

తగదు అని వెంటనే తీర్పు చెప్పేయడం సులభం. కాని కాస్త ఆగండి. పనికిరాని అందం తప్పయితే ముందు మన ముగ్గు సంగతేమిటి? తెల్లారగట్ల లేచి, చలిలో వణుకుతూ వాకిట్లో చుక్కలు పెట్టి, మెలికలు తిప్పి ముగ్గేస్తాం. పదిగంటలకల్లా పాలవాడూ, పేపరువాడూ, పక్కింటి పిల్లలూ తొక్కి చెరిపేస్తారు. మర్నాడు మళ్ళీ వేస్తాం. దానివల్ల ఎవరి కడుపు నిండింది? అయినా ముగ్గులేని వాకిలి బోసిగా వుంటుందని మనకి తెలుసు. మనిషి కడుపునింపుకోవడానికే బతికితే ఇక మనిషితనమేముంది? ఫ్రాన్సులో ఒక రైతు గూట్లో చెయ్యిపెట్టి వెచ్చని చాకొలెట్ గుడ్డు పైకి తీసినప్పుడు ఆయన మొహంలో మెరిసే సంతోషం, ముగ్గు పూర్తిచేసి ఒక అడుగు వెనక్కి వేసి చూసుకునే ఇల్లాలి సంతోషం వేరువేరు కావు.

ఆ మాటకొస్తే మనవాళ్ళూ కోళ్ళ రంగుల్లో తక్కువవాళ్ళేం కాదు. గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి డేగ, కాకి, నెమలి అంటూ ఈకల రంగునిబట్టి పుంజుకి పేరు పెట్టి, ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో కుక్కుటశాస్త్రం తిరగేసి పందెం కాసేవాళ్ళని ఎరుగుదుం. అక్కడ రంగుకోసం కత్తి కడతారు. మరాన్‌లో రంగుకోసం గుడ్డు పొదగేస్తారు. రెంటిలో ఏది నయమో చెప్పనక్కర్లేదు.

ఇంకో సంగతి. ఈ రంగుపిచ్చే లేకపోతే మరాన్ కోడి ఈపాటికి ఆనవాలు లేకుండా పోయేదేమో. రెండో ప్రపంచయుద్ధం నాటికి ఆ జాతి బాగా చితికిపోయింది. ఆ తరవాతి కాలమంతా లెక్కల కాలం. ఎక్కువ గుడ్లు పెట్టేవే వుండాలి, మిగతావి దండగ అనే కాలం. అలాంటి రోజుల్లో లాభం చూసుకోకుండా, ఆ రంగు అంటే ప్రాణంపెట్టే కొందరు దాన్ని దొడ్లలో దాచుకుని కాపాడారు. లాభం వదిలేసినదాన్ని ముచ్చట బతికించింది.

కాని, ముగ్గుపిండికి నొప్పి తెలియదు. కోడికి తెలుస్తుంది. ముగ్గుతో పోలిక అక్కడ ఆగిపోతుంది. కనక అసలు అడగవలసిన ప్రశ్న, రంగు పనికొస్తుందా లేదా అన్నది కాదు. ఆ రంగుకోసం ఎవరు ఏమిచ్చుకుంటున్నారు? మన ముచ్చటకి మూల్యం ఎవరి ఖాతాలోంచి పోతోంది?

ఆ లెక్క వేసి చూస్తే ఒక చిత్రమైన విషయం బయటపడుతుంది. పెట్ట వరసగా గుడ్లు పెడుతూ పోతే రంగు పలచబడుతూ వస్తుంది. పెట్టడం మొదలుపెట్టిన కొత్తలో ముదురు, రానురాను లేత. ఈకలు రాల్చుకుని, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుని మళ్ళీ మొదలుపెడితే రంగు తిరిగి వస్తుంది. భయపడినా, ఎండదెబ్బ తగిలినా, జబ్బుచేసినా రంగు తగ్గుతుంది. అంటే ముదురు రంగు కావాలనుకునేవాడు కోడిని తొందరపెట్టకూడదు, బెదరగొట్టకూడదు. మరాన్ పెట్ట ఏడాదికి నూట యాభై, రెండువందల గుడ్లు పెడితే గొప్ప. మనం అంగట్లో కొనే తెల్లగుడ్డు పెట్టే ఫారం కోడి మూడువందలకి పైగా పెడుతుంది. ఆ మూడువందల పెంకులకీ సున్నం ఎక్కడినుంచి వస్తుందనుకున్నారు? మేత చాలనప్పుడు తన ఎముకల్లోంచే తీసిస్తుంది. అంచేతే వాటిలో చాలావాటికి ఎముకలు గుల్లబారి, రొమ్ము ఎముక విరుగుతూ వుంటుంది. అందంకోసం ఏరిన కోడికంటే, మన పొదుపుకోసం ఏరిన కోడే ఎక్కువ బాధపడుతోందన్నమాట. ముచ్చట పాపం, పొదుపు పుణ్యం అనుకునే మన లెక్క ఇక్కడ తలకిందులైంది చూశారా?

అలా అని రంగుపిచ్చిని పూర్తిగా వదిలెయ్యడానికీ వీల్లేదు. ఏరడం అంటే కొన్నిటిని తీసుకోవడం మాత్రమే కాదు, కొన్నిటిని వద్దనడం కూడా. పిల్లల్లో సగం పుంజులే పుడతాయి. పది పెట్టలకి ఒక్క పుంజు చాలు. మిగతావాటి గతేమిటి? అవి కూరవుతాయి. ఫారాలకోసం పిల్లల్ని పొదిగించే చోటయితే అదీ లేదు. గుడ్లుపెట్టే జాతి పుంజుకి కండ పట్టదని, పుట్టిన రోజే చంపేస్తారు. ఈ పని చూసి మనసు వికలమై, జర్మనీ 2022 మొదటినుంచీ దాన్ని నిషేధించింది. ఫ్రాన్సు కూడా 2023లో, కొన్ని మినహాయింపులతో, ఆపేసింది.

రెండో చిక్కు, ఒకే కొలబద్ద పెట్టుకోవడంలో వుంది. దేన్ని చూస్తామో అది పెరుగుతుంది. దేన్ని చూడడం మానేస్తామో అది మనకి తెలియకుండానే జారిపోతుంది. హాలెండులో బార్నెవెల్డ్ అనే వూరు పేరుమీద బార్నెవెల్డర్ కోడి వుంది. ముదురు గుడ్లకోసమే 1920లలో దాన్ని ఇంగ్లండుకి తెప్పించుకున్నారు. తీరా దాని ఈకలమీద జరీ అంచులాంటి జంటగీతలు చూసి మురిసిపోయి, ప్రదర్శనల్లో బహుమతులకోసం ఆ గీతల్నే ఏరడం మొదలుపెట్టారు. కొన్ని తరాలకి గీతలు దిద్దినట్టు వచ్చాయి, గుడ్లు మాత్రం లేతబారిపోయాయి. ఎందుకు తెచ్చుకున్నారో ఆ గుణమే పోయింది!

చాకొలెట్ గుడ్డుకీ ఇలాంటి శాపమే ఒకటుంది. పొదిగేసిన గుడ్డులో పిల్ల కడుతోందో లేదో చూడాలంటే చీకటిగదిలో దీపానికి ఎదురుగా పట్టి చూస్తారు. తెల్లగుడ్డయితే సన్నని నెత్తురు గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. రంగు ముదిరినకొద్దీ దీపం లోపలికి పోదు. పైరంగు ఎంత బాగుంటే, లోపల ప్రాణముందో లేదో తెలుసుకోవడం అంత కష్టం. ఇది కోడిగుడ్డు గురించే చెబుతున్నాను సుమండీ, మరెవరినీ ఉద్దేశించి కాదు.

ఒకే కొలబద్దకి విరుగుడు కూడా కోళ్ళే నేర్పాయి. అమెరికాలో పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో విలియం మ్యూర్ అనే ఆయన 1996లో ఒక ప్రయోగఫలితం ప్రచురించాడు. ఆయన బాగా గుడ్లుపెట్టే కోడిని ఒక్కదాన్నీ విడదీసి ఏరలేదు. ఒక గూట్లో వున్న కోళ్ళన్నీ కలిసి ఎలా వున్నాయో చూసి, మొత్తం గూటినే ఏరాడు. కొద్ది తరాల్లోనే ఆ గూళ్ళలో ఒకదాన్నొకటి పొడుచుకు చావడం బాగా తగ్గిపోయింది. తోటికోడలిని ఏడిపించి మంచి కోడలనిపించుకోవడం ఆ లెక్కలో కుదరదు!

ఇక్కడిదాకా కోళ్ళ గొడవే కదా అనుకుంటున్నారేమో. కాదు. కోళ్ళని ఏరే విద్య కోళ్ళదగ్గర ఆగలేదు. డార్విన్ బంధువు ఫ్రాన్సిస్ గాల్టన్, మనుషుల్లో కూడా మంచి విత్తనాన్ని ఏరి పెంచాలని వాదించి, 1883లో ఆ వాదానికి 'యూజెనిక్స్' అని పేరుపెట్టాడు. అమెరికాలో చార్లెస్ డావెన్‌పోర్ట్ అనే జీవశాస్త్రవేత్త వుండేవాడు. 1906లో కోళ్ళలో వంశపారంపర్య గుణాలు ఎలా వస్తాయో పుస్తకం ప్రచురించాడు. కోళ్ళ తురాయిలూ, ఈకలూ లెక్కపెట్టడంతో తృప్తిపడివుంటే బాగుండేది. 1910లో మనుషుల వంశాల చిట్టాలు రాసే ఆఫీసు ఒకటి తెరిచాడు. ఎవరు పిల్లల్ని కనతగినవాళ్ళు, ఎవరు కారు అని విడదీయడం ఆ చిట్టాల పరమార్థం. 1907లో ఇండియానా రాష్ట్రంతో మొదలై, తగరని తేల్చినవాళ్ళకి బలవంతాన పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసే చట్టాలు ఒకదాని తరవాత ఒకటి వచ్చాయి. అమెరికాలో మొత్తంమీద అరవైవేల మందికి పైగా దానికి బలైపోయారు. వాళ్ళలో బీదవాళ్ళు, దిక్కులేనివాళ్ళు, ఆడవాళ్ళు ఎంతోమంది. జర్మనీలో హిట్లరు ప్రభుత్వం 1933లో అలాంటి చట్టమే తెచ్చి ఇంకెంత ఘోరానికి పోయిందో లోకానికి తెలుసు.

అది వాళ్ళ సంగతి, మనకేమిటి అనడానికి లేదు. మనకీ రంగుకార్డు వుంది. కాకపోతే దాన్ని తిరగేసి పట్టుకుంటాం. మరాన్‌లో తొమ్మిదో మెట్టుకి బహుమతి, మన పెళ్ళిచూపుల్లో ఒకటో మెట్టుకి బహుమతి. "పిల్ల చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది, పాట కూడా పాడుతుంది, కాని..." అని ఆగుతారు. ఆ 'కాని' తరవాత ఏమొస్తుందో మనందరికీ తెలుసు. "చామనఛాయండీ" అని పిల్ల తల్లి, ఏదో అప్పు వున్న సంగతి ఒప్పుకున్నట్టు, గొంతు తగ్గించి చెబుతుంది. అవతలివాళ్ళు కట్నం ఇంకొంచెం పెంచి ఆ అప్పు వసూలు చేసుకుంటారు. తెల్లబరుస్తానని దశాబ్దాలపాటు ఊరించిన పేరుమోసిన క్రీము ఒకటి, నలుగురూ నిలదీసిన మీదట, 2020లో తన పేరులోంచి 'ఫెయిర్' అన్న మాట తీసేసుకుంది. డబ్బామీద మాట మారింది. మన కళ్ళలోని కార్డు మారిందా?

అంతకంటే బాధాకరమైంది ఇంకోటుంది. కోళ్ళలో మగపిల్ల పనికిరాదని పుట్టిన రోజే చంపేస్తే అయ్యో అన్నాం. మన ఇళ్ళలో ఆడపిల్ల వద్దని పుట్టకముందే తుంచేసినవాళ్ళున్నారు. దాన్ని ఆపడానికి 1994లో పార్లమెంటు చట్టమే చెయ్యవలసివచ్చింది. అయినా 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తంమీద ఆరేళ్ళలోపు మగపిల్లలు వెయ్యిమంది వుంటే, ఆడపిల్లలు తొమ్మిదివందల ఇరవైమంది కూడా లేరు. ఆ లేనివాళ్ళంతా ఎవరి చేతి కొలబద్దకి అందలేదో ఆలోచిస్తే, పుంజుపిల్లలకోసం చట్టం చేసిన దేశాలముందు మనం తలెత్తుకోవడం కష్టమే.

అయితే ఏరడమే తప్పని తేలుతుందా? అలా అంటే రైతు విత్తనాలు దాచుకోలేడు. మంచి పాడిగేదె దూడని ఉంచుకోలేడు. మనం కూడా సంతలో వంకాయలు ఒక్కొక్కటీ తిప్పి చూసి ఏరుకోకుండా బుట్టలో పోసుకోవాలి. ఏరకుండా బతుకు సాగదు. నాకు తోచినంతలో, తప్పు రెండు చోట్ల మొదలవుతుంది.

ఏరనిదానికి విలువే లేదనుకోవడం మొదటి తప్పు. మంచి మరాన్ పెంపకందారు దొడ్లో నాలుగో మెట్టు గుడ్డు పెట్టే పెట్టకి కూడా మేతా, నీళ్ళూ, గూడూ వుంటాయి. దాని గుడ్లు పొదగెయ్యడంతే. ఇంటివాళ్ళు ఆ గుడ్లే తింటారు, చుట్టుపక్కలవాళ్ళకీ ఇస్తారు. పొదగడానికి ఏరకపోవడం వేరు, బతకనివ్వకపోవడం వేరు. ఈ తేడా తెలిసినవాడు ఏరినా ఫరవాలేదు. తెలియనివాడి చేతికి కార్డు ఇవ్వకూడదు.

ఎవరు ఎవరిని ఏరవచ్చో మరిచిపోవడం రెండో తప్పు. కోడిని మనిషి పెంచుతున్నాడు, దానికి తిండి పెడుతున్నాడు, దాని బాధకి జవాబుదారీ. ఆ బాధ్యత నెత్తిన వేసుకున్నమేరకే అతనికి ఏరే హక్కు వుంది, అది కూడా వినయంగా వాడుకోవలసిన హక్కు. మనిషిని మరో మనిషి అలా పెంచడంలేదు. మనందరం ఒకే దొడ్లోవాళ్ళం. దొడ్డికి బయట నిలబడి, చేత్తో కార్డు పట్టుకుని మనకి మార్కులు వేసే అధికారం అత్తగారికీ లేదు, ఆడపడుచుకీ లేదు, పెళ్ళికొడుకుకీ లేదు. పెళ్ళిలో ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు ఇష్టపడవచ్చు. అది ఏరడం కాదు, కోరుకోవడం. కోరుకోవడంలో అవతలివాళ్ళకి కూడా నోరుంటుంది. ఏరడంలో వుండదు.

ఇంతకీ మన పెద్దవాళ్ళు నల్లపిల్లని ఓదార్చడానికి "నలుపు నారాయణ మెచ్చు" అనేవాళ్ళు. మంచిమాటే గాని, అందులోనూ చిన్న లిటిగేషన్ వుంది. నారాయణుడు మెచ్చుకుంటే తప్ప నలుపుకి దారిలేదా అనిపిస్తుంది. మరాన్‌లో నారాయణుడి సిఫార్సు లేకుండానే నలుపుని నెత్తిన పెట్టుకున్నారు. అంటే రంగు గొప్పదనం రంగులో లేదు, చూసేవాళ్ళు చేత్తో పట్టుకున్న కార్డులో వుంది. కార్డు తిరగేస్తే లోకమే తిరగబడుతుంది.

ఈసారి మీ ఇంట్లో సంబంధాల మాట వచ్చినప్పుడు ఎవరైనా "పిల్ల అంతా బాగుందిగాని, కాస్త రంగు..." అని నసిగితే, మీరేం వాదన పెట్టుకోకండి. ఫ్రాన్సులో ఒక కోడి వుందనీ, గుడ్డు నల్లగా వున్నకొద్దీ దాని విలువ పెరుగుతుందనీ నెమ్మదిగా చెప్పండి. వాళ్ళు తెల్లబోతారు. ఆ తెలుపు ఎన్నో మెట్టో మాత్రం అడక్కండి!